సాగర్ నీటిమట్టం పక్కనే చిమ్నీ రీడింగు కూడా వెయ్యండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో థర్మల్ ప్లాంట్ కాలుష్యం మీద అర పేజీ వార్త వచ్చింది, మొత్తం చదివాను, రాసిన కుర్రాడెవరో గానీ ఊళ్ళు తిరిగి మంచి పని చేశాడు, బూడిద చెరువు పక్కన పత్తి మీద దుమ్ము ఎలా పేరుకుంటోందో ఆడవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాడు, అందుకు ముందు మెచ్చుకోవాలి. కానీ ఆ వార్త పైన నాలుగు కాలమ్‌ల ఫోటో వేసి దాని కింద విషపు పొగ కక్కుతున్న ప్లాంట్ అని రాశారు చూడండి, అక్కడ నాకు మనసు ఆగలేదు, అందుకే ఈ ఉత్తరం. ఆ ఫోటోలో నడుం దగ్గర సన్నబడి పైన మళ్ళీ వెడల్పయ్యే డమరుకాల్లాంటివి ఉన్నాయే, అవి కూలింగ్ టవర్లండి. వాటిలోంచి తెల్లగా లేచేది నీటి ఆవిరి, ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేది ఏదో ఇదీ అదే. అసలు చూడాల్సిన చిమ్నీ ఆ ఫోటోలో ఒక చివర సగం తెగిపోయి ఉంది, దాని మూతి అసలు కనపడనే లేదు.

నేను 33 ఏళ్ళు థర్మల్ ప్లాంట్లలో చేసి రిటైర్ అయ్యాను, అందులో చివరి 19 ఏళ్ళు పొగలోని బూడిదని పట్టే ఈఎస్‌పీ, పట్టిన బూడిదని తరలించే యాష్ హ్యాండ్లింగ్ సెక్షన్లలోనే. ఏ ప్లాంటో ఇక్కడ రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేవి ఒక్క ప్లాంట్ సంగతులు కావు, పైగా అక్కడ ఇంకా డ్యూటీ చేస్తున్న పిల్లలు ఉన్నారు, వాళ్ళకి ఇబ్బంది కాకూడదు. ప్లాంట్‌ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు, ఆ సంగతి చదువుతుంటే మీకే తెలుస్తుంది. నా బాధల్లా ఒకటే, ఊరంతా తప్పు గొట్టం వైపు చూస్తుంటే అసలు గొట్టాన్ని అడిగేవాడు ఉండడు.

ఇది మీ ఒక్క పేపర్ పొరపాటు కూడా కాదులెండి. 2024 ఆగస్టు 5న పాల్వంచలో కేటీపీఎస్, అంటే కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్, పాత ప్లాంట్ కూలింగ్ టవర్లు 8 ఒకేరోజు కూల్చేశారు, ఆ వీడియోలు అందరి ఫోన్లలో తిరిగాయి, మా బంధువుల గ్రూపులో కూడా వచ్చాయి, కింద సగం మంది పొగగొట్టాలు పోయాయి ఇక గాలి బాగుపడుద్ది అని రాశారు. 1960ల్లో మొదలైన ప్లాంట్ అది, ఆ టవర్లు కూలేటప్పటికే నాలుగేళ్ళ ముందు యూనిట్లన్నీ (ఒక బాయిలర్, దాని టర్బైన్ కలిపిన సెట్‌ని యూనిట్ అంటాం) ఆపేశారు, పైగా అవి బతికున్నన్నాళ్ళూ వదిలింది ఆవిరే. అక్కడ పనిచేసినవాళ్ళు కొందరు ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, నాకు అర్థమవుతుంది, మనిషి జీవితమంతా ఒక టవర్ నీడన గడిస్తే అది కూలేటప్పుడు గుండెలో ఏదో అవుతుంది.

టవర్ పని చాలా చిన్నది. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరిని కండెన్సర్‌లో మళ్ళీ నీళ్ళు చెయ్యాలి, దానికి చల్లటి నీళ్ళు కావాలి, ఒక్క 210 మెగావాట్ల యూనిట్‌కే గంటకి 25 వేల టన్నుల దగ్గర నీళ్ళు కండెన్సర్ గుండా తిరుగుతాయి, వేడెక్కిన ఆ నీళ్ళని టవర్‌లో జల్లులా వదిలితే కిందనుంచి గాలి పైకి ఎగదన్ని వాటి వేడిని పది డిగ్రీల మేర తగ్గిస్తుంది, ఆ చల్లారడంలో కొంచెం ఆవిరైపోతుంది, మీరు ఫోటో తీసింది దాన్నే. ధనుర్మాసంలో పొద్దున్నే తీస్తే కొండంత కనపడుతుంది, మేలో మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ కనపడదు, రెండు రోజులూ ప్లాంట్ మాత్రం ఒకేలా నడుస్తుంటుంది. టవర్ మీద ఫిర్యాదు చెయ్యాలంటే నీళ్ళ గురించి చెయ్యొచ్చు, అది న్యాయం. 2015 డిసెంబర్‌లో కేంద్రం పెట్టిన రూల్ ప్రకారం పాత ప్లాంట్లు ఒక మెగావాట్ అవర్‌కి 3.5 ఘనపు మీటర్లు మించి వాడకూడదు, ఆ హద్దులో ఉన్నా సరే 210 మెగావాట్ల యూనిట్ ఫుల్ లోడ్ మీద రోజంతా నడిస్తే కోటీ 76 లక్షల లీటర్లు, కిన్నెరసాని నీళ్ళైనా కృష్ణా నీళ్ళైనా.

ఇక అసలు గొట్టం దగ్గరికి వస్తాను. బొగ్గు మన సింగరేణిది అనుకోండి, అందులో బూడిద తక్కువేం కాదు, పవర్ ప్లాంట్లకి వచ్చే గ్రేడ్లలో 35 నుంచి 40 శాతం, ఒక్కోసారి ఆ పైనే. వ్యాగన్లలో వచ్చిన బొగ్గు క్రషర్లో ముక్కలై, బెల్టుల మీద బంకర్లకెక్కి, మిల్లుల్లో పడి ముఖానికి రాసుకునే పౌడర్ అంత మెత్తగా అవుతుంది, వేడి గాలి దాన్ని ఊదుకుంటూ తీసుకెళ్ళి బాయిలర్ నాలుగు మూలల నుంచీ లోపలికి కొడుతుంది, అది గాల్లో ఉండగానే తగలబడిపోతుంది. కాలేది కాలిపోయాక మిగిలిన మట్టి భాగమే బూడిద. అందులో ఐదోవంతు ముద్దలుగా కింద పడుతుంది, దాన్ని బాటమ్ యాష్ అంటాం, మిగతా నాలుగొంతులు పొగతో పాటే పైకి లేచి చిమ్నీ వైపు పరిగెడుతుంది. బాయిలర్‌కి చిమ్నీకి మధ్యలో ఆ బూడిదని ఆపే తలుపు ఒక్కటే ఉంది, అదే ఈఎస్‌పీ. మీ వార్తలో దాని పేరు ఒక్కసారి కూడా రాలేదు.

బయటనుంచి చూస్తే పెద్ద పెద్ద రేకు డబ్బాలు వరసగా, కింద గరాటుల్లాంటి హాపర్లు, అంతే, ఫోటో తీసుకోవాలనిపించే అందం ఏం ఉండదు. లోపల మాత్రం నాలుగంతస్తుల ఎత్తు ఇనుప పలకలు తెరల్లా వేలాడుతుంటాయి, పలకకీ పలకకీ మధ్య సన్నటి తీగలు, ఆ తీగలకి యాభై అరవై వేల వోల్టుల కరెంటు. పొగ అక్కడికొచ్చేసరికి మనిషి నడకంత నెమ్మదిస్తుంది, బూడిద రేణువుకి తీగ దగ్గర చార్జి ఎక్కుతుంది, ఎక్కగానే పోయి పలకకి అతుక్కుంటుంది. కాసేపటికోసారి సుత్తులు వాటంతటవే తిరిగి పలకల్ని కొడతాయి, బూడిద పెచ్చులుగా ఊడి హాపర్లో పడుతుంది. ఇలాంటి అరల్ని ఫీల్డులంటాం, ఒకదాని వెనక ఒకటి ఐదో ఆరో ఉంటాయి. మొదటి ఫీల్డు ముతకదంతా పట్టేస్తుంది, చివరి ఫీల్డులు పట్టేది అతి సన్నటిది, అంటే ముక్కులో ఆగకుండా నేరుగా ఊపిరితిత్తుల అడుగుకి పోయే రకం.

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను, ఇది మీ పాఠకులందరూ వెయ్యగలిగిన లెక్కే. 210 మెగావాట్ల యూనిట్ రోజుకి సుమారు 3,500 టన్నుల బొగ్గు తింటుంది, 40 శాతం బూడిద అనుకుంటే 1,400 టన్నులు, అందులో ఎగిరేది 1,100 టన్నులు. ఈఎస్‌పీ 99.9 శాతం పట్టిందనుకోండి, చిమ్నీలోంచి బయటికి పోయేది రోజుకి టన్ను పైచిలుకు. 99 శాతం పట్టిందనుకోండి, 11 టన్నులు. మామూలుగా 99 అంటే పిల్లాడికి వచ్చిన మార్కులు చూసి ఇంట్లో పాయసం వండుకుంటాం, ఇక్కడ 99.9కీ 99కీ మధ్య తేడా పది రెట్ల బూడిద, అది రోజూ, ఒక్క యూనిట్ నుంచి, పక్కనున్న ఊళ్ళ మీద. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఇలాంటి 210 యూనిట్లే ఆరు, అవి కాక 500ది ఒకటి, 800ది ఒకటి, రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషన్ ఒక్కటే 2,600 మెగావాట్లు. అందుకే ఆ దశాంశం పక్కనున్న అంకె నాకు నిద్రపట్టనిచ్చేది కాదు.

ఆ అంకె ఎలా జారిపోతుందో కళ్ళారా చూసింది చెప్తాను. ఒక నైట్ షిఫ్ట్, రెండు గంటల వేళ, రెండో ఫీల్డు కింద హాపర్ లెవెల్ అలారం వచ్చింది. మామూలుగా మేం ముందు చేసేది సుత్తితో హాపర్‌ని తట్టి చూడటం, ఖాళీగా ఉంటే టంగున మోగుతుంది, నిండితే దబ్బుమంటుంది, మీటర్ కన్నా ఆ చప్పుడునే మేం ఎక్కువ నమ్మేవాళ్ళం. నాతో పాటు ఒక కాంట్రాక్ట్ హెల్పర్, ప్లాంట్‌కి భూములు పోయిన ఊరి పిల్లాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, తట్టి చూసి సార్ ఇది మోగట్లేదు అన్నాడు. హాపర్‌కి ఉండే హీటర్ ఎప్పుడో కాలిపోయింది, కొత్తది కావాలని ఇండెంట్ కాగితం పెట్టి నెలలవుతోంది, హీటర్ లేకపోతే బూడిద చల్లారి చెమ్మ పట్టి సిమెంట్‌లా గడ్డ కడుతుంది, కిందికి దిగదు. దాంతో పోకింగ్ హోల్ తెరిచి రాడ్‌తో పొడవాలి. పొడుస్తుంటే అడ్డం పడ్డ గడ్డ ఒక్కసారిగా విడిపోయింది. వేడి బూడిద గురించి తెలీనివాళ్ళకి ఒకటి చెప్పాలి, అది పొయ్యిలో బూడిదలా కుప్పగా పడదు, నీళ్ళలా పారుతుంది, చప్పుడు చెయ్యకుండా పారుతుంది. ఆ పిల్లాడు వెనక్కి దూకాడు గానీ ఎడమ కాలు చీలమండ దాకా అందులో పడింది, బూటులోకి దిగిపోయింది, బూటు విప్పేసరికి మేజోడుతో పాటు చర్మం వచ్చింది. మూడు నెలలు నడవలేదు. ఆ మూడు నెలల కూలి గురించి అతని తరఫున నేను ఎన్ని టేబుళ్ళు తిరిగానో, ఆఖరికి దొరికింది ఎంతో రాస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది, రాయను.

ఆ రాత్రి హాపర్ ఖాళీ కాలేదు. బూడిద పైకి పెరిగి పెరిగి లోపల తీగల్ని తాకింది, షార్ట్ అయి ఫీల్డు ట్రిప్ అయిపోయింది. రూల్ ప్రకారం ఏం చెయ్యాలి, లోడ్, అంటే యూనిట్ నుంచి తీసే కరెంట్, తగ్గించాలి, లేకపోతే యూనిట్ ఆపి బాగు చేసుకోవాలి. అడిగాను. గ్రిడ్‌లో కరెంట్ చాలట్లేదు, లోడ్ తగ్గించడం కుదరదు, ఎలాగో నెట్టుకురండి అన్నారు. నెట్టుకొచ్చాం. అలా ఆ ఫీల్డు లేకుండా ఎన్నాళ్ళు నడిచిందో చెప్తే మీరు నమ్మరు, యూనిట్ మొత్తం ఆపి మరమ్మతు చేసే ఓవర్‌హాల్ మళ్ళీ వచ్చేదాకా నడిచింది.

పొద్దున ఇంటికెళ్ళాను. అప్పుడు మాకు క్వార్టర్స్‌లో డాబా ఇల్లు, మా ఆవిడ ముందురోజు డాబా మీద చాప పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. చాప అంచు మీద వేలితో గీసి చూపించింది, వేలు పోయిన చోట తెల్లటి గీత, మిగతాదంతా బూడిద రంగు. రాత్రి మళ్ళీ ఏదో ఫీల్డు పోయిందాండీ అంది. ఆవిడ ఏడో తరగతి దాకా చదువుకుంది, ఈఎస్‌పీ ఎప్పుడూ చూడలేదు, కానీ వడియాల చాప చూసి ఏ రాత్రి మా మెషిన్ సరిగ్గా పనిచెయ్యలేదో చెప్పేది, ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఆ వడియాలన్నీ పారేశాం. మేమంటే జీతం తీసుకుంటున్నవాళ్ళం, పారేసి ఊరుకున్నాం, మాకు అవతల రెండు కిలోమీటర్ల దూరంలో మిరప కల్లాల్లో ఆరబోసుకున్నవాళ్ళు ఏం చేశారో అప్పట్లో నేను వెళ్ళి అడగలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, అడగాల్సింది.

ఎందుకు ఇలా అవుతుందంటే, మా కాలంలో ప్లాంట్ గొప్పదా కాదా అని చెప్పే అంకె ఒక్కటే ఉండేది, పీఎల్ఎఫ్, ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్. ఉన్న కెపాసిటీలో ఎంత శాతం కరెంట్ తీశాం అన్నదే. దానికి కేంద్రం షీల్డులిచ్చేది, పేపర్లలో ఫోటోలొచ్చేవి, ఇన్సెంటివ్‌లు ఉండేవి. విద్యుత్ బోర్డు చైర్మన్‌గా చేసిన నార్ల తాతారావు గారి రోజుల నుంచీ మన రాష్ట్రం ఆ పట్టికలో పైన ఉండటం అందరికీ గర్వం, నాకూ గర్వమే, ఆ గర్వం అబద్ధం కాదు, మూడు రాష్ట్రాల నుంచి ఇంజనీర్లు మన దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చిన రోజులు చూశాను. కానీ చిమ్నీలోంచి ఎన్ని మిల్లీగ్రాములు పోతోందన్న అంకెకి ఏ షీల్డూ లేదు. జనం చూసే అంకెకే ఆఫీసర్ భయపడతాడు, అది సహజం. కంట్రోల్ రూమ్‌లో మెగావాట్ మీటర్ గోడ మీద అందరికీ కనపడేలా ఎర్రగా వెలుగుతుండేది, ఈఎస్‌పీ ప్యానెల్ వేరే బిల్డింగ్‌లో కింద గదిలో ఉండేది, ఇంతకంటే ఏం చెప్పాలి.

ఇప్పుడు ఇంకో కొత్త చిక్కు వచ్చింది, దీని గురించి ఎవరూ రాయట్లేదు. పగలు సోలార్ కరెంట్ బాగా వస్తోంది కదా, మంచిదే, అందుకని పగలు బొగ్గు యూనిట్లని లోడ్ తగ్గించి నడపమంటున్నారు, 55 శాతం దాకా దించగలగాలని 2023లో కేంద్రం రెగ్యులేషన్ కూడా తెచ్చింది, ముందు ముందు 40 దాకా దించమంటారు. సాయంత్రం సూర్యుడు దిగగానే మళ్ళీ గబగబా లోడ్ ఎక్కించాలి. ఇలా దించి ఎక్కించేటప్పుడు, ముఖ్యంగా యూనిట్‌ని ఆపి మళ్ళీ వెలిగించేటప్పుడు, బాయిలర్లో మంట ఆరిపోకుండా ఆయిల్ మండిస్తారు. సగం కాలిన ఆయిల్ ఆవిరి ఈఎస్‌పీలోకి వస్తే లోపల స్పార్క్‌కి అంటుకుంటుందని ఆ టైంలో ఫీల్డుల్ని ఆపేస్తారు, లేదా బాగా తగ్గిస్తారు. అంటే ఎన్నిసార్లు స్టార్ట్ చేస్తే అన్నిసార్లు ఆ తలుపు కాసేపు తెరిచి ఉన్నట్టే. మాటిమాటికీ ఆపి స్టార్ట్ చెయ్యడానికి తయారుచేసిన యూనిట్లు కావు ఇవి. సోలార్ వద్దని నేను అనట్లేదు, మా మనవడు పీల్చేది కూడా ఈ గాలే, కానీ దాని తాలూకు ఖర్చు ఎక్కడ పడుతోందో కూడా చూసుకోవాలి కదా.

గంధకం సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను. ఎఫ్‌జీడీ అని ఒక యంత్రం ఉంది, సున్నపురాయి నీళ్ళు జల్లి పొగలోని సల్ఫర్‌ని పట్టి జిప్సం చేస్తుంది. 2015 రూల్స్‌లో అన్ని ప్లాంట్లూ సల్ఫర్ తగ్గించాలన్నారు, గడువులు పెంచుకుంటూ పెంచుకుంటూ వచ్చి 2025 జులైలో పెద్ద నగరాలకి దూరంగా ఉన్న చాలా ప్లాంట్లకి అసలు అక్కర్లేదన్నారు, దేశంలో మూడొంతుల పైన అలా మినహాయింపులోకి వచ్చాయి. మన బొగ్గులో సల్ఫర్ తక్కువ అన్నది ఒక కారణంగా చెప్పారు, తక్కువే, నిజమే. ఐతే మా సెక్షన్‌లో పనిచేసినవాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది, సల్ఫర్ తక్కువున్న బొగ్గు బూడిదకి కరెంట్ అంత తేలిగ్గా పట్టదు, పలకల మీద పొర కట్టి కూర్చుంటుంది, అందుకే మన ఈఎస్‌పీలు విదేశాల వాటికంటే చాలా పెద్దవి కట్టాల్సి వస్తుంది, కొన్నిచోట్ల బూడిద బాగా పట్టడానికి పొగలోకి అమ్మోనియా కూడా పంపిస్తారు. అంటే సల్ఫర్ తక్కువని ఒక యంత్రం మినహాయించినప్పుడు, అదే కారణంతో ఎక్కువ కష్టపడుతున్న రెండో యంత్రాన్ని ఇంకా గట్టిగా చూసుకోవాలి. ఆ మాట ఏ ప్రకటనలోనూ నాకు కనపడలేదు.

పట్టిన బూడిద కథ వేరు. పొడిది సైలో అనే పెద్ద గాదెలోకి పంపితే సిమెంట్ వాళ్ళు బల్కర్లనే ట్యాంకర్ లారీల్లో తీసుకెళ్తారు, పీపీసీ రకం సిమెంట్ బస్తాలో 35 శాతం దాకా ఈ బూడిదే ఉండొచ్చు, ఇటుకలకీ హైవేల గట్లకీ పోతుంది, బంగారం లాంటి సరుకు అది. తీసుకెళ్ళనిదాన్ని నీళ్ళతో కలిపి పైపుల్లో చెరువుకి పంపుతారు. మీ వార్తలో పత్తి మీద పడిన దుమ్ము చాలావరకు ఈ చెరువుదే అయ్యుంటుంది, చెరువు ఎండిన చోట ఏప్రిల్ మేల్లో గాలి లేస్తే ఎదురుగా మనిషి కనపడడు, దానికి మందు కూడా పెద్దదేం కాదు, నీళ్ళు చల్లడం, నిండిన భాగాల మీద మట్టి పోసి గడ్డి పెంచడం, లారీలకి టార్పాలిన్ కట్టించడం. 2021 డిసెంబర్ 31న వచ్చిన రూల్ ప్రకారం పుట్టిన బూడిదంతా వాడకంలోకి పోవాలి, మిగిలిపోయినదానికి టన్నుకి 1,000 రూపాయల చొప్పున జరిమానా కూడా పెట్టారు. బూడిదని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో దేశం చూసింది. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ ప్లాంట్‌లో కొత్త 500 మెగావాట్ల బాయిలర్ అడుగున బూడిద పేరుకుపోయి, యూనిట్ ఆపకుండానే తియ్యాలని చూస్తుంటే పేలి 40 మందికి పైగా చనిపోయారు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలిలో బూడిద చెరువు గట్టు తెగి పొలాల్లో ఉన్న మనుషుల్ని, పిల్లల్ని కూడా, కొట్టుకుపోయింది. ఊంచాహార్ వార్త చూసిన రాత్రి నాకు ఆ హెల్పర్ పిల్లాడి బూటే గుర్తొచ్చింది, యూనిట్ ఆపకుండా బూడిద పొడవడం అంటే ఏంటో మాకు తెలుసు.

ఇంత చెప్పాక నేను మిమ్మల్ని అడిగేది ఒకటే. మీ పేపర్లో రోజూ పొద్దున శ్రీశైలం, సాగర్ నీటిమట్టాలు వేస్తారు, పూర్తి మట్టం 885 అడుగులు, ఈరోజు ఇంత, సాగర్ 590, ఈరోజు ఇంత. రైతు మాత్రమే కాదు, ఏ సంబంధం లేనివాళ్ళు కూడా టీ తాగుతూ అది చూస్తారు, రెండడుగులు తగ్గితే బజార్లో మాట్లాడుకుంటారు, ఇంజనీర్లని నిలదీస్తారు. దాని పక్కనే రెండు అంగుళాల చోటు ఇచ్చి మన రెండు రాష్ట్రాల థర్మల్ ప్లాంట్ల చిమ్నీ రీడింగులు కూడా వెయ్యండి. విజయవాడ, ముద్దనూరు, కృష్ణపట్నం, సింహాద్రి, పాల్వంచ, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి, జైపూర్, దామరచర్ల, యూనిట్ల వారీగా. ఇవి ఎవరో కొత్తగా కొలవాల్సినవి కావు. చిమ్నీలో ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే చెప్పింది, ఆ మీటర్లు 24 గంటలూ కొలిచి మండళ్ళ సర్వర్లకి పంపుతూనే ఉంటాయి. పక్కన హద్దు కూడా వెయ్యండి, 2003 చివరి దాకా వచ్చిన యూనిట్లకి ఘనపు మీటరుకి 100 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 2016 దాకా వచ్చినవాటికి 50, 2017 నుంచి వచ్చినవాటికి 30. నేను పైన చెప్పిన లెక్కలో ఈఎస్‌పీ 99 శాతానికి పడిపోయిందంటే పాత యూనిట్‌కి కూడా హద్దు మీద ఐదు రెట్ల పైన చూపిస్తుంది, అది దాచడానికి కుదిరే అంకె కాదు.

వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. రోజంతటి సగటు ఒక్కటే వెయ్యకండి, సగటులో రాత్రి రెండు గంటలకి జరిగింది మునిగిపోతుంది, ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ చూపించిన గంట ఏది, ఎంత, అది కూడా వెయ్యండి. మీటర్ పనిచెయ్యట్లేదు అని వస్తే ఖాళీ వదిలెయ్యకండి, మీటర్ పనిచెయ్యట్లేదు, ఇన్నో రోజు అని రాయండి. వరసగా వారం రోజులు ఆ మాట అచ్చులో కనపడితే ఎనిమిదో రోజు మీటర్ దానంతటదే బాగవుతుంది, నా అనుభవంలో ఇండెంట్‌లు కదిలేది అలాగే. ఇండెంట్ కదిలితే హాపర్ హీటర్ వస్తుంది, హీటర్ వస్తే ఎవరో పిల్లాడు రాడ్ పట్టుకుని ఆ రంధ్రం ముందు నిలబడక్కర్లేదు.

ఇంకో మాట మీ ఫోటోగ్రాఫర్ కోసం. ఆవిరికీ దుమ్ముకీ తేడా కంటితోనే తెలుస్తుంది. ఆవిరి మూతి దగ్గర చిక్కగా తెల్లగా ఉండి కొంచెం దూరం పోగానే గాల్లో కరిగిపోతుంది, అవతల ఆకాశం శుభ్రంగా ఉంటుంది. దుమ్ము కరగదు, చిమ్నీ నుంచి గాలి వాలు వైపు బూడిద రంగు చారలా కనుచూపు మేర సాగుతుంది. నల్లగా వస్తే బొగ్గో ఆయిలో సరిగ్గా కాలట్లేదని. ఈఎస్‌పీ అన్ని ఫీల్డులతో బాగా నడుస్తున్న రోజు చిమ్నీ మూతి దగ్గర దాదాపు ఏమీ కనపడదు, ఎండలో రోడ్డు మీద గాలి వణికినట్టు ఒక వణుకు ఉంటుంది, అంతే, అలాంటి రోజు వచ్చినప్పుడు అది కూడా ఫోటో తీసి వెయ్యండి, లోపల పనిచేసేవాళ్ళకి అంతకంటే పెద్ద షీల్డు లేదు.

మీ విలేకరి కుర్రాడిని ఒకసారి మా ఊరు పంపించండి, నా అడ్రస్ కవర్ మీద రాశాను. ప్లాంట్ లోపలికి వెళ్ళక్కర్లేదు, గేటు బయట రోడ్డు మీద నిలబడే ఏది టవరో, ఏది చిమ్నీయో, ఏ డబ్బా ఏ యూనిట్‌దో చూపిస్తాను. పొద్దున ఆరింటికల్లా వస్తే మంచిది, ఆ టైంకి తూర్పు నుంచి ఎండ సరిగ్గా చిమ్నీ మూతి మీద పడుతుంది, నైట్ షిఫ్ట్ ఇంకా దిగి ఉండదు.

ఇట్లు,
యాష్ హ్యాండ్లింగ్ సెక్షన్‌లో చేసి రిటైర్ అయిన ఒక ఫోర్‌మన్